సున్నం వేసిన ఊరు

బస్సు దిగి నాలుగడుగులు వేశాక గానీ తేడా ఏమిటో సుధారాణికి తెలియలేదు. వాసన లేదు.

తుఫాను వానలు వెలిసిన దగ్గర నుంచి గెడ్డపేటలో అందరి బట్టలకీ, జుట్టుకీ, ఆఖరికి తినే అన్నానికీ పట్టుకున్న వాసన అది. ఘాటుగా, గొంతులో గీరుకున్నట్టు ఉండేది. పలాస వైపు నుంచి వచ్చి ఊరిని ఆనుకుని పారి సముద్రంలో కలిసే గెడ్డకి పై ఒడ్డున, జీడి తొక్కల నుంచి నూనె తీసే ఫ్యాక్టరీ ఒకటుంది. ఆ వానల్లో ఫ్యాక్టరీ తొట్టె గోడ కూలి, తొట్టెలో ఉన్న నూనంతా గెడ్డలో పడి ఊరి మీదికి వచ్చింది. చేపలు తేలాయి. గెడ్డలో దిగిన గేదెలకి పొదుగులు పుండ్లయ్యాయి. నెలలు గడిచినా రేవు మెట్ల మీద, బావి గోడ మీద, మొగలి పొదల మొదళ్ల మీద నీరు ఎంత ఎత్తున వచ్చిందో అంత ఎత్తున నల్లటి పట్టీ ఉండిపోయింది.

ఇప్పుడు ఆ వాసన పోయి, బ్లీచింగ్ పౌడరు వాసన, తడి సున్నం వాసన వస్తున్నాయి.

సుధారాణి నడక పెంచింది. పొద్దున్నే టెక్కలి వెళ్లి లాయరు ఫణీంద్ర ఆఫీసులో కూర్చుని వచ్చింది. ఊరి తరఫున కేసు కాగితాలు మోసేది ఆమే. డిగ్రీ చదివిన కోడలు ఊళ్లో మరొకరు లేకనో, ఉన్నవాళ్లకి తీరిక లేకనో ఆ పని ఆమె మీద పడింది. రేపు అడ్వకేట్ కమిషనర్ వస్తారు. అంటే జడ్జి గారి బదులు ఊరు కళ్లారా చూసి, చూసింది చూసినట్టు కోర్టుకి రాసిచ్చే లాయరు. "మీరు పెద్దగా మాట్లాడక్కర్లేదమ్మా. రేవు చూపించండి, బావి చూపించండి. ఆ నలుపు చాలు మనకి," అన్నాడు ఫణీంద్ర. ఆ మాటతో ఆమె బస్సులో చాలా రోజుల తరవాత కాసేపు కునుకు తీసింది.

రేవు దగ్గర వైకుంఠరావు నడుముకి తువ్వాలు బిగించుకుని నిలబడి ఉన్నాడు. మాజీ సర్పంచి, ఆమె భర్తకి మేనమామ. మోచేతుల దాకా సున్నం.

"ఓలమ్మా, వచ్చీసినావా! సూడు, ఊరెలగుందో సూడు!"

సుధారాణి చూసింది. రేవు మెట్లు నిన్న కట్టినట్టు ఉన్నాయి. బావి గోడ తెల్లగా మెరుస్తోంది. గెడ్డ ఒడ్డున మొగలి పొదలు లేవు. అవి ఉన్నచోట బూడిద, బూడిద మీద కొత్త ఇసక.

"ఏటిది మావా?"

"ఏటిదేటి? రేపు కోర్టోరు వత్తన్నారు కాదేటి. జడ్జీ గారు పంపిన మనిసిని కంపు కొట్టే ఊర్లోకి రమ్మంటామా? పొద్దున్నుంచి ఒక్కడూ కూసోలేదు. ఆడోలు మెట్లకి యాసిడ్ పోసి ఇటికరాయితో రుద్దినారు. బావికి సున్నం రెండు సుట్లు వేయించినాను. ఒక సుట్టుకి నలుపు ఆగలేదు."

"పొదలు?"

"కొట్టించి కాల్సీసినాం. మాడిపోయి దెయ్యాల్లాగుండేవి. ఇసక నా సొంత ఖర్సు. సెప్పుకోకూడదు గానీ."

సుధారాణి తడి మెట్టు మీద కూర్చుంది. చీర తడుస్తున్నా లేవలేదు.

"మావా, వాళ్లు చూడ్డానికి వచ్చేది ఆ నలుపునే."

"అంటే?"

"మనకున్న సాక్ష్యం అదొక్కటే. మన ఊరికి నూనె రానే లేదని ఫ్యాక్టరీ వాళ్లు రాసిచ్చారు. నూనె ఇసకలో ఇంకిపోయి ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయిందంటున్నారు. అందుకే కదా చూసి రమ్మని మనిషిని పంపుతున్నది."

వైకుంఠరావు చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

"ఫొటోలున్నాయి కదే."

"ఫొటోలు ఏ ఊరివో అంటున్నారు."

"మరి ముందు సెప్పొద్దేటి అమ్మా!" అన్నాడు కోపంగా. కోపం ఎవరి మీదో అతనికే తెలిసినట్టు లేదు. "సుట్టపోడొత్తే వాకిలి ఊడుత్తాం. జడ్జీ మనిసొత్తే ఊడవమా?"

నిజమే, చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. కానీ తోచి ఉండాల్సింది. ఈ ఊరికి కోడలుగా వచ్చి ఇన్నేళ్లయింది. కిడ్నీ జబ్బుల సర్వేకి డాక్టర్లు వచ్చినప్పుడు మంచాన ఉన్న రోగులకి కూడా తలంట్లు పోసి, ఉతికిన బట్టలు కట్టి కూర్చోబెట్టిన ఊరిది. ఒకామె కొడుక్కి పౌడరు కూడా రాసింది. "మొహం అంత తెల్లగా పాలిపోయిందేమిటి?" అని డాక్టరు కంగారు పడ్డాడు. ఊరంతా చెప్పుకుని నవ్వుకున్న సంగతది. తనూ నవ్వింది.

వెలుతురు ఉండగానే ఆమె గెడ్డ వెంట పైకీ కిందికీ తిరిగింది. చెప్పులు చేత పట్టుకుని బురదలో దిగింది. ఎక్కడో ఒక రాయి కిందయినా, కంచె గుంజ మీదయినా నల్లటి చార మిగిలి ఉంటుందని వెతికింది. గుంజలకి సున్నం. రాళ్లకి సున్నం. ఎవరో ఉత్సాహం పట్టలేక కొబ్బరి చెట్ల మొదళ్లకి కూడా సున్నం పూశారు. ఈ ఊరి వాళ్లు ఏ పనీ సగంలో వదలరు. ఆ గుణం ఈ వేళ కొంప ముంచింది.

ఇంటికి వచ్చి గుమ్మంలో కాళ్లు కడుక్కుంటూ తల ఎత్తింది. అప్పుడు కనిపించింది. సున్నం వేయనిది, నల్లగా నిగనిగలాడుతున్నది ఒకటి మిగిలింది. వాళ్ల ద్వారబంధం.

లోపల అత్త కామాక్షమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. కోడలు ద్వారబంధాన్ని వేలితో రుద్ది చూడడం గమనించి, చూపు పొయ్యిలోకి తిప్పేసుకుంది.

ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. వానలు వెలిసిన పొద్దున్న గెడ్డ నల్లగా పొంగి వస్తే ఊరు భయపడలేదు. సంతోషించింది. జీడి నూనె ఇక్కడ తెలియనిది కాదు. గుమ్మాలకీ, మంచం కోళ్లకీ, కంచె గుంజలకీ చెద పట్టకుండా పూసేది అదే. ఫ్యాక్టరీ గేటు దగ్గర డబ్బాల్లో కొనుక్కుని తెచ్చుకునేది ఊరికే గెడ్డలో కొట్టుకొస్తోంది. బిందెలు, డబ్బాలు, తెడ్లు పట్టుకుని అందరూ పరిగెత్తారు. కామాక్షమ్మ ఒడ్డున నిలబడి తెడ్డుతో తోడింది. పక్క వీధి లిల్లీ అటుగా పోతూంటే, "ఓలే లిల్లీ, రాయే, ఊరికే పోతంది! నువ్వు దిగి అందియ్యి, నాను పోసుకుంటాను, సెరి సగం!" అని కేకేసింది. ఇద్దరూ పలాసలో ఒకే జీడిపప్పు బట్టీలో గింజలు కొట్టేవాళ్లు. ఒకే ఆటోలో వెళ్లి ఒకే ఆటోలో వచ్చేవాళ్లు. లిల్లీ చీర ఎగదోపుకుని దిగింది.

వాళ్లు కొనుక్కునేది కాచిన నూనె. చేతికంటితే నల్లబడుతుంది, కాలదు. గెడ్డలో వచ్చింది పచ్చిది. చూపుకి రెండూ ఒకటే. లిల్లీ ఒడ్డెక్కేసరికి తొడల దాకా ఎర్రగా కందింది. మర్నాటికి బొబ్బలు. ఆ తరవాత పుండ్లు. వాటి తరవాత పలాస ఆస్పత్రి, శ్రీకాకుళం ఆస్పత్రి. ఇప్పుడు మోకాళ్ల కింద చర్మం ముడుచుకుపోయి, కాలు పూర్తిగా చాపలేదు. బట్టీకి వెళ్లడం లేదు. కేసులో మొదటి పేరు లిల్లీదే.

కేసు కాగితంలో మాత్రం లిల్లీ బట్టలు ఉతకడానికి దిగినట్టు ఉంది. సుధారాణి మొదటి రోజే ఉన్నదంతా చెప్పింది. ఫణీంద్ర కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నూనె తీసుకోడానికి దిగిందంటే వాళ్లేమంటారో తెలుసా? మా సరుకు ఎత్తుకుపోయారు, ఎత్తుకుపోతూ కాల్చుకున్నారు అంటారు. ఊరంతా దొంగలవుతారు. బట్టలు ఉతకడానికని రాస్తాను. ఎవరూ నూనె ముట్టలేదని రాస్తాను. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తకండి." ఊరికి ఆ మాట నచ్చింది. కామాక్షమ్మకి మరీ నచ్చింది. కానీ ఆ రోజు నుంచి ఆమె లిల్లీ వాళ్ల వీధిలోంచి నడవడం మానేసింది. రాములవారి గుడికి చుట్టు తిరిగి వెళుతుంది.

"అత్తా, ఆ డబ్బా ఎక్కడుంది?"

"ఏ డబ్బా?"

"నూనె డబ్బా."

"పారబోసినాను."

"ఎక్కడ పారబోశావు? ఆ నూనె ఎక్కడ పారబోసినా గడ్డి మాడిపోద్ది."

కామాక్షమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది. "సావిట్లో ఉంది. గోనె కింద. ఏటి సేత్తావు దాంతో?"

"తెలీదు."

తెలియని మాట నిజమే. ఫణీంద్రకి ఫోను చేసి ఊరు కడిగిన సంగతి చెప్పింది. "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు. డబ్బా మాట చెబితే గొంతు పెంచాడు. "వద్దు. ఎవరూ ముట్టలేదని కోర్టులో రాసిచ్చాం. ఇప్పుడు డబ్బా బయటపెడితే అబద్ధం ఆడామని మనమే ఒప్పుకున్నట్టు. రేపు లిల్లీ కాళ్లు చూపిద్దాం. అంతే."

లిల్లీ కాళ్లు. అది ఊళ్లో ఇటికరాయి పెట్టి రుద్దినా పోని నలుపు.

చీకటి పడకముందే సుధారాణి లిల్లీ ఇంటికి వెళ్లింది. లిల్లీ అరుగు మీద కూర్చుని కొబ్బరి ఈనెలతో చీపురు కడుతోంది. కాళ్లు పక్కకి మడిచి, పైన పాత దుప్పటి కప్పుకుంది.

"రా వొదినా. ఊరు పెళ్లికూతురైపోనాది, సూసావా? మా ఇంటికీ వేత్తామన్నారు సున్నం. నా కాళ్లకి కూడా ఒక సుట్టు వేసీండి అన్నాను. సర్పంచి మావ మొకం తిప్పీసుకున్నాడు."

సుధారాణికి నవ్వు రాలేదు.

"వొదినా, ఒకటడుగుతాను. రేపొచ్చే కోర్టోరు నన్నడిగితే బైబిల్ మీద సెయ్యేయమంటారా?"

"రేపు కాదు. కోర్టులో అయితే ప్రమాణం చేయిస్తారు. బైబిల్ ఉంటుందో లేదో తెలీదు."

"లేపోతే మాత్రం? ఆదోరం ఆదోరం పాట పాడే నోరే కదా." లిల్లీ ఈనెల కట్ట నేలకేసి కొట్టి సమం చేసింది. "బట్టలుతకడానికి దిగినానని సెప్తాను, సెప్పనని కాదు. కానీ ఆ రోజు నాను కట్టుకున్నదొక్కటే సీర. మూట లేదు, సబ్బు లేదు. ఫ్యాక్టరీ ప్లీడరు అడిగితే ఏ సబ్బని సెప్పాల? నాకు రాత్రిళ్లు ఆ సబ్బే కనిపిత్తాది వొదినా."

"నిజం చెబితే దొంగలంటారు."

"అననీ. కుంటిదంటన్నారు, పడటం లేదేటి?" కాస్త ఆగి, "పిన్ని ఎలగుంది?" అంది. కామాక్షమ్మ గురించి. "నా మీద కోపమేటి? నాను సెప్పీత్తానని భయమేటి? సెప్పను. పిన్నే పిలిసిందని నా నోట రాదు. అలగని సెప్పు."

ఆ మాట సుధారాణి ఇంటికి మోసుకెళ్లలేకపోయింది. అన్నం కలుపుతూ ఒకసారి, మంచం వాలుస్తూ ఒకసారి చెప్పబోయి ఆగిపోయింది. చెబితే అత్త మొహం ఎలా అవుతుందో తెలుసు.

మర్నాడు ఎండ ఎక్కకముందే కారు వచ్చింది. కమిషనర్ పేరు ప్రమోదిని. చిన్న వయసు. బూట్లు వేసుకుని, చేతిలో అట్ట, మెడలో నీళ్ల సీసా. ఆమె వెనక ఫణీంద్ర, మరో కారులో ఫ్యాక్టరీ తరఫు లాయరు సూర్యప్రకాష్. బడి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, కొట్టి ఉంచిన కొబ్బరి బొండాలు. వైకుంఠరావు శాలువా పట్టుకుని ఎదురెళ్లాడు.

"ఇవేమీ వద్దండీ. కోర్టు పని మీద వచ్చాను, పుచ్చుకోకూడదు."

"బొండం నీళ్లయినా తాగండమ్మా, మా తోటలోదే."

"నా నీళ్లు నేను తెచ్చుకున్నాను."

వైకుంఠరావు శాలువా మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఊరు ఎంత కడిగినా ఆమె నీళ్లు కూడా ముట్టనందుకు అతనికి చాలా కష్టమేసింది.

రేవు దగ్గర ప్రమోదిని వంగి మెట్టుని చేత్తో తాకి చూసింది.

"వీటిని ఎప్పుడు కట్టారు?"

"మా తాతల నాటివండీ," అన్నాడు వైకుంఠరావు.

"చూశారా మేడమ్," సూర్యప్రకాష్ చిరునవ్వు నవ్వాడు. "తాతల నాటి మెట్లు అద్దంలా ఉన్నాయి. ఎక్కడా నూనె ఆనవాలు లేదని రాసుకోండి."

"ఏం రాసుకోవాలో నాకు తెలుసు."

"నిన్ననే కడిగారు మేడమ్," అంది సుధారాణి.

"ఎందుకు?"

వైకుంఠరావే ముందుకు వచ్చాడు. "తమరు వత్తన్నారని. నానే కడిగించినాను. తెలీక సేసినాను. మరియాదనుకున్నాను."

సూర్యప్రకాష్ గుమస్తా కిసుక్కున నవ్వాడు. ప్రమోదిని నవ్వలేదు. రాసుకుంది. బావి దగ్గర మళ్లీ రాసుకుంది. బావి సంగతికి సూర్యప్రకాష్ దగ్గర వేరే మాట ఉంది. "ఈ ఉద్దానంలో బావి నీళ్లు ఎవరూ తాగరు మేడమ్. కిడ్నీల భయానికి ప్లాంటు నీళ్లే తాగుతారు. తాగని నీళ్లు పాడయ్యాయని కేసేమిటి?" తాగకపోయినా ఆ నీళ్లతోనే స్నానం, ఆ నీళ్లతోనే గిన్నెలు. ఆ మాట సుధారాణి చెప్పింది. ప్రమోదిని తలూపింది. ఆ తలూపడంలో ఏముందో తెలియలేదు.

తరవాత లిల్లీ. అరుగు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. దుప్పటి తీసింది. చుట్టూ చేరిన జనం చూపు పక్కకి తిప్పుకున్నారు. రోజూ చూసేవాళ్లే అయినా.

"ఈ అమ్మాయి జీడి బట్టీలో కూలీ," అన్నాడు సూర్యప్రకాష్, మెల్లగా, జాలిగా. "ఆ పని చేసేవాళ్లకి ఇలాంటివి మామూలే మేడమ్. తొక్కల నూనె చిందుతుంది, కాలుతుంది. అదుగో, ఆవిడ చేతులు చూడండి." జనం ముందు వరసలో నిలబడ్డ కామాక్షమ్మని చూపించాడు. "అమ్మా, కాస్త చేతులు చూపించండి. ఇవి కూడా వరదలోనే నల్లబడ్డాయా?"

కామాక్షమ్మ చేతులు పమిట కిందికి దాచుకుంది. ఏళ్ల తరబడి గింజలు కొట్టిన చేతులు. వేళ్ల చివర్లు బొగ్గులా ఉంటాయి, గోళ్లు అరిగిపోయి ఉంటాయి. పెళ్లిళ్లలో పంక్తిలో కూర్చున్నా ఎడమ చెయ్యి విస్తరి చాటున పెట్టుకుని తింటుంది. ఆ చేతులని ఇంతమంది ముందు వేలెత్తి చూపించడం సుధారాణి ఇంతకుముందు చూడలేదు.

"చూపించండమ్మా, సిగ్గేమిటి," అన్నాడతను మళ్లీ.

సుధారాణి వెనక్కి తిరిగి జనం మధ్యలోంచి నడవడం మొదలుపెట్టింది. ఫణీంద్రకి అర్థమైంది. "అమ్మా, సుధారాణి గారూ, ఆగండి," అంటూ వెంట వచ్చాడు. ఆమె ఆగలేదు. వీధి దాటి, ఇంట్లోకి, సావిట్లోకి వెళ్లి, గోనె లాగి పక్కన పడేసింది. డబ్బా మూత చుట్టూ దుమ్ము పట్టి ఉంది. ఎత్తబోతే బరువు. గచ్చు మీద ఈడ్చుకుంటూ గుమ్మం దాకా తెచ్చింది. అంతలో కమిషనర్, ఆ వెనక ఊరు ఊరంతా వాకిట్లోకి వచ్చేశారు.

"మేడమ్, ఇది గెడ్డలో వచ్చిన నూనె. మేమే తోడుకున్నాం. ఈ ద్వారబంధానికి పూశాం. ఎవరూ ముట్టలేదని రాసింది అబద్ధం."

వాకిట్లో అరుపులన్నీ ఒకేసారి మొదలయ్యాయి. "ఓలమ్మో, ఇదేటి సేసింది!" అని ఎవరో. "ఊరి పరువు తీసీసింది!" అని మరెవరో. వైకుంఠరావు చంకలో శాలువా కింద పడింది. ఫణీంద్ర నుదురు పట్టుకున్నాడు. సూర్యప్రకాష్ మొహం వెలిగిపోయింది.

"రాసుకోండి మేడమ్. ఫ్యాక్టరీ సరుకు అక్రమంగా దాచుకున్నామని వాళ్ల నోటితోనే ఒప్పుకున్నారు."

"అయితే సరుకు మీదేనా?" అంది ప్రమోదిని.

అతను చేతిలో ఫైలు తిరగేశాడు.

"మీ నూనె ఈ ఊరికి రాలేదని రాసిచ్చారు. ఇప్పుడు మీ సరుకంటున్నారు. ఏది రాసుకోమంటారు?"

"అంటే... అది మాదని తేలితేనే. బయట కొని తెచ్చి ఉండచ్చు కదా."

"తేలుద్దాం. గాజు సీసాలు తెప్పించండి, మూతలు బిగుతుగా ఉండేవి."

సీసాల కోసం వెతుకులాట. ఎవరింట్లో చూసినా ఊరగాయ సీసాలే. ఎదురింటామె ఒకటి కడిగి తెచ్చింది. సుధారాణి మరొకటి కడిగి తుడిచింది. మూత తీసేసరికి ఆ వాసన వాకిలంతా కమ్మేసింది. నిన్న ఊరు వదిలి పోయిన వాసనే. చంటిపిల్లల తల్లులు వెనక్కి జరిగారు. ప్రమోదిని ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని దగ్గరుండి సీసాలు నింపించి, లక్క పెట్టించి, ఇద్దరు లాయర్ల చేతా సంతకం చేయించింది. సూర్యప్రకాష్ సంతకం చేస్తూ, "నిరసన తెలుపుతూ" అని పక్కన రాశాడు.

తరవాత ఆమె లిల్లీ వైపు తిరిగింది. లిల్లీ గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి వీధి చివర నిలబడి ఉంది. కుర్చీలోంచి ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు.

"మీరు బట్టలు ఉతకడానికి దిగానని చెప్పారు. నిజమేనా?"

లిల్లీ చూపు కామాక్షమ్మ మీదికి వెళ్లి, పక్కకి తప్పుకుంది. ఫణీంద్ర ఏదో అనబోయాడు. ప్రమోదిని చెయ్యెత్తి ఆపింది.

కామాక్షమ్మ పమిటలోంచి చేతులు తీసింది.

"అదేటి సెప్తాది. ఆ గుంట నా పేరు సెప్పదు," అంది. "నానే పిలిసినాను. ఊరికే పోతంది రాయే అన్నాను. నాను ఒడ్డునుండి దాన్ని దింపినాను. రాసుకోండమ్మా. ఈ సేతులు బట్టీలో నల్లబడ్డాయి, కాదన్ను. ఆ కాళ్లు మాత్రం నా మాట మీద కాలినాయి."

"నీ మాట మీదేటి పిన్నీ, నాకు ఆశ లేదేటి?" లిల్లీ గొంతు కీచుమంది. "మా తలుపుకి సెద పట్టీసింది. కొందామని ఎప్పటి నుంచో అనుకుంటన్నాను." కమిషనర్ వైపు తిరిగింది. "నూనెకే దిగినానమ్మా. గేటు కాడ అమ్మే నూనే అనుకున్నాను. అది కాలదు. ఇది కాలుద్దని ఎవరూ సెప్పలేదు. తొట్టె కూలినాక ఫ్యాక్టరీవోలు ఊర్లోకొచ్చి ఒక్క కేక వేసుంటే, దిగకపోదును."

ప్రమోదిని చివరి మాట రెండోసారి చెప్పించుకుని రాసింది. పైకి చదివి వినిపించింది. లిల్లీ సంతకం పెట్టింది. కామాక్షమ్మ వేలిముద్ర వేస్తానంటే, సిరా పెట్టె తెచ్చిన కమిషనర్ గుమస్తా ఆ బొటనవేలు చూసి ఒక క్షణం ఆగాడు. కాలి కాలి గీతలు చెరిగిపోయిన వేలు. ముద్ర నున్నగా, నల్లటి చుక్కలా పడింది.

మరో రెండిళ్ల వాళ్లు తమ డబ్బాలు తెచ్చి అరుగు మీద పెట్టారు. మిగతావాళ్లు తలుపులు వేసుకున్నారు.

కార్లు వెళ్లేముందు ఫణీంద్ర సుధారాణి దగ్గర ఆగాడు. "దొంగ ప్రమాణం కింద మన మీదే దరఖాస్తు వేస్తారు. గెలుస్తామో లేదో నేను చెప్పలేను. ఇలా చేయాలనుకుంటే ముందే నాకు చెప్పాల్సింది."

"మొదటి రోజే చెప్పాను సార్."

అతను కళ్లద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. "సోమవారం టెక్కలి రండి. పిటిషను మార్చి రాయాలి. ఆ అమ్మాయినీ, మీ అత్తగారినీ తీసుకురండి." కారెక్కి తలుపు గట్టిగా వేసుకున్నాడు.

మధ్యాహ్నమంతా సుధారాణికి ఒకచోట కాలు నిలవలేదు. సావిట్లో డబ్బా ఉన్నచోట నల్లటి గుండ్రటి మరక పడి ఉంది. దాన్ని తుడవబోయి, గుడ్డ తడిపి, మళ్లీ పిండేసి దండెం మీద వేసింది. వీధిలో ఇద్దరు ఆడవాళ్లు ఆమెని చూసి మాట మార్చారు. వైకుంఠరావు షామియానా విప్పిస్తూ అటు తిరిగి నిలబడ్డాడు. సూర్యప్రకాష్ ఏం దరఖాస్తు వేస్తాడు, ఎవరి పేరు మీద వేస్తాడు, సీసాలో నూనె ఆ ఫ్యాక్టరీదేనని ఏ లాబు చెబుతుంది, చెప్పకపోతే ఏమవుతుంది. ఆలోచనలు ఒకదాన్ని తోసుకుని ఒకటి వస్తున్నాయి.

సాయంత్రం అత్త కనిపించలేదు. గుడికి వెళ్లిందేమో అనుకుంది. వెతుక్కుంటూ వెళితే లిల్లీ వాళ్ల అరుగు మీద ఉంది. లిల్లీ కాలు ఒళ్లో పెట్టుకుని, కొబ్బరి నూనె గిన్నె పక్కన పెట్టుకుని, ముడుచుకుపోయిన చర్మానికి మెల్లమెల్లగా రాస్తోంది.

"గట్టిగా రాయకు పిన్నీ, సచ్చిపోతాను."

"సచ్చిపోతే సోమారం టెక్కలి ఎవులెల్తారు? నోరు మూసుకో."

సుధారాణిని చూసి లిల్లీ నవ్వింది. కళ్లలో నీళ్లున్నాయి, నొప్పికో దేనికో. "వొదినా, ఆటోలో ముందు సీటు నాది. కాలు సాపుకోవాల. ఇంకోటి, ఈసారి కాగితం రాసినప్పుడు నా పక్కన కూసో. మన ప్లీడరు ఒక ముక్క అటూ ఇటూ రాసినా నాకు తెలాల. సదివి సెప్పు."

"చదివి చెబుతాను."

"సబ్బు మాట ఉండకూడదు."

"ఉండదు," అంది సుధారాణి. ఇంటికి వెళ్లి అన్నం వండాలి. అయినా అరుగు చివర కాసేపు కూర్చుంది. బావి వైపు నుంచి గాలి వీస్తే సున్నం వాసనా, దాని అడుగు నుంచి సన్నగా ఆ పాత వాసనా వచ్చాయి. ఆమె లేచి, సున్నం కింద నుంచి నలుపు మళ్లీ పైకి తేలిందేమో చూసి వద్దామని అటు నడిచింది.